ఆరుబయట వేసవి రాక్ కచేరీ: వెళ్ళేవాళ్ళూ, ఫోటోలు తీసేవాళ్ళూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరుబయట జరిగే రాక్ కచేరీకి కెమెరానో ఫోనో పట్టుకుని వెళ్తున్నవాళ్ళ కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ. ఎండ, చెవులు, జనం గురించి ముందు చెప్పి, ఫోటోల సంగతి తర్వాతకి ఉంచాను. మధ్యాహ్నమే డస్సిపోయినవాళ్ళకి రాత్రి అసలు బ్యాండ్ స్టేజి ఎక్కేసరికి కెమెరా ఎత్తే ఓపిక ఉండదు.

టికెట్ కొనగానే ముందు ఏం చూడాలి?

నిబంధనలు. చాలామంది గేటు దగ్గరికి వెళ్ళాక చదువుతారు, అప్పటికి చేసేదేమీ ఉండదు. బ్యాగు ఎంత సైజు వరకు రానిస్తారు, ఖాళీ నీళ్ళ సీసా తెచ్చుకోనిస్తారా, బయటికి వెళ్తే మళ్ళీ లోపలికి రానిస్తారా, కెమెరా గురించి ఏం రాశారు, ఈ నాలుగూ చూసుకోండి. మళ్ళీ రానివ్వకపోతే రోజంతటికీ కావలసినవన్నీ మొదటిసారే వెంట ఉండాలి. కొందరు కళాకారులు ఫోన్లనే ఒప్పుకోరు. గేటు దగ్గర మీ ఫోన్‌ని తాళం పడే సంచిలో పెట్టి, సంచిని మీ చేతికే ఇస్తారు. బయటికి వచ్చేటప్పుడు తాళం తీస్తారు. అమెరికా రాక్ గాయకుడు జాక్ వైట్ 2018లో తన కచేరీలకి ఈ పద్ధతే పెట్టాడు. అలాంటి కచేరీ అయితే ఫోటోల ఆలోచన మానేసి హాయిగా వినండి.

కెమెరా లోపలికి రానిస్తారా?

ప్రేక్షకులకి "ప్రొఫెషనల్ కెమెరాలు నిషేధం" అని రాసి ఉండటం మామూలే. గేటు దగ్గర ఉండే మనిషికి దాని అర్థం ఒక్కటే: లెన్స్ ఊడదీసి మార్చుకునే కెమెరా. మీ కెమెరా పాతదైనా చవకదైనా, లెన్స్ ఊడిందంటే ఆపేస్తారు. ఆ మనిషితో వాదించి లాభం లేదు, నిబంధన పెట్టింది ఆయన కాదు.

అందుకే ఇలాంటి చోట్లకి లెన్స్ ఊడని చిన్న కెమెరాయే మంచిదని నా అభిప్రాయం. ఒక అంగుళం సెన్సర్ (వెలుతురుని ఫోటోగా మార్చే చిప్పు) అని పిలిచే రకం ఫోన్ కంటే చాలా మెరుగు. ఉదాహరణకి సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7కి 24 నుంచి 200 మిల్లీమీటర్ల జూమ్ ఉంది, జేబులో పడుతుంది. రాత్రి పూట పెద్ద కెమెరాతో పోటీ పడదు కానీ సాయంత్రం దాకా చక్కగా పనిచేస్తుంది. కొన్నిచోట్ల చిన్న కెమెరాల్ని కూడా ఒప్పుకోరు కాబట్టి నిర్వాహకులకి ముందే మెయిల్ రాసి, వాళ్ళ జవాబుని ఫోన్‌లో దాచుకోండి.

వెంట ఏమేం తీసుకెళ్ళాలి?

తక్కువ. మెడ కూడా కప్పే అంచున్న టోపీ, సన్‌స్క్రీన్, ఇయర్ ప్లగ్స్, పవర్ బ్యాంక్, ఒక మెత్తటి గుడ్డ, రెండు మూడు పెద్ద ప్లాస్టిక్ కవర్లు. మందులు వాడేవాళ్ళు ఆ మందులు, చీటీతో సహా. కాళ్ళకి పాతబడి అలవాటైన బూట్లు వేసుకోండి. చెప్పులు వద్దు, జనంలో వేళ్ళు నలుగుతాయి. గొడుగు తేవద్దు. చాలాచోట్ల రానివ్వరు, రానిచ్చినా మీ వెనకవాళ్ళకి స్టేజి కనిపించదు.

రోజంతా ఎండలో ఎలా తట్టుకోవాలి?

1999 జులైలో అమెరికాలో వుడ్‌స్టాక్ పేరుతో మళ్ళీ పెట్టిన సంగీత పండుగని పాత వైమానిక స్థావరంలో జరిపారు. కింద తారు, కాంక్రీటు, చెట్టు నీడ తక్కువ, దాదాపు 38 డిగ్రీల వేడి. జనం వందల్లో వైద్య శిబిరాలకి చేరారు. నేల ఎలాంటిదన్నది అంత ముఖ్యం. గడ్డి మీద నిలబడేవాళ్ళ కంటే తారు మీద నిలబడేవాళ్ళు త్వరగా అలిసిపోతారు, ఎందుకంటే ఆ నేల పీల్చుకున్న వేడి కింది నుంచి కూడా కొడుతుంది, చీకటి పడ్డాక కూడా వదలదు.

కచేరీకి ముందు రోజు నుంచే నీళ్ళు బాగా తాగండి. అక్కడికి వెళ్ళాక దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి గంటల తరబడి వట్టి నీళ్ళే లీటర్లకొద్దీ తాగడం కూడా మంచిది కాదు, రక్తంలో సోడియం పడిపోతుంది. ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు జేబులో ఉంటే ఆ చిక్కు ఉండదు. మద్యం ఒంట్లో నీటిని తగ్గిస్తుంది, పైగా ఒంట్లో బాగాలేదన్న సంగతిని మనకే తెలియనివ్వదు.

సన్‌స్క్రీన్ విషయానికొస్తే ఎస్‌పీఎఫ్ 30 రకం చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాల్లో సుమారు 97 శాతాన్ని, 50 రకం సుమారు 98 శాతాన్ని ఆపుతాయి. తేడా ఒక్క శాతమే. ఏ రకం కొన్నారన్నదాని కంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకున్నారా లేదా అన్నదే ముఖ్యం. చెవుల పైభాగం, మెడ వెనక, పాదాల మీద రాసుకోవడం అందరూ మరిచిపోతారు. రాసుకున్నాక అరచేతులు తుడుచుకుని గానీ కెమెరా ముట్టుకోవద్దు. లెన్స్ మీద ఆ జిడ్డు పడితే రాత్రి ప్రతి దీపం చుట్టూ పొగమంచులా వస్తుంది.

పక్కవాళ్ళకి వడదెబ్బ తగిలిందని ఎలా తెలుస్తుంది?

తలనొప్పి, వికారం, ధారగా చెమట, కాళ్ళు పీకడం, కళ్ళు తిరగడం: ఇది వేడికి డస్సిపోవడం. నీడకి తీసుకెళ్ళి, బట్టలు వదులు చేసి, నీళ్ళు తాగించి, పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తులో ఉంచితే చాలామంది అరగంటలో తేరుకుంటారు.

మాట తడబడినా, ఎక్కడున్నదీ తెలియకుండా మాట్లాడినా, తూలిపడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది, ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే వైద్య సిబ్బందిని పిలవాలి. వాళ్ళు వచ్చేలోగా ఒంటిని తడిపి విసరాలి, మెడకీ చంకలకీ గజ్జలకీ చల్లటివి ఆనించాలి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు. వైద్య శిబిరం ఎక్కడుందో లోపలికి రాగానే చూసి పెట్టుకోండి. అప్పుడు వెతుక్కునే సమయం ఉండదు.

ఇయర్ ప్లగ్స్ నిజంగా కావాలా? పాట వినడానికేగా వచ్చింది?

కావాలి. వినడానికి వచ్చారు కాబట్టే కావాలి. శ్రామికుల ఆరోగ్యం కోసం అమెరికాలో వాడే నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి సగం పడిపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, అలా 100 డెసిబెల్స్‌కి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. రాక్ కచేరీలో స్టేజి దగ్గర 100 దాటడం వింతేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకి ప్రకటించిన ప్రమాణం కూడా సగటున 100 డెసిబెల్స్ దాటకూడదనే చెబుతోంది, వచ్చినవాళ్ళకి ఇయర్ ప్లగ్స్ అందుబాటులో ఉంచమని కూడా చెబుతోంది.

నురుగు రకం ప్లగ్స్ చవక, కానీ పై స్వరాల్ని ఎక్కువగా మింగేస్తాయి. గాయకుడు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినిపిస్తుంది. సంగీతం కోసమే చేసిన రకం అన్ని స్వరాల్నీ దాదాపు సమానంగా తగ్గిస్తుంది, నా ఓటు దానికే. వాటితో గిటారూ డ్రమ్సూ విడివిడిగా, స్పష్టంగా తెలుస్తాయి. దూది పెట్టుకుంటే లాభం చాలా తక్కువ. కచేరీ అయ్యాక చెవుల్లో గుయ్‌మని మోత ఉందంటే చెవికి దెబ్బ తగిలినట్టే. మర్నాటికి తగ్గినా, తగ్గింది కదా అని ఊరుకోకండి. పోయిన వినికిడి కణాలు మళ్ళీ పుట్టవు. పిల్లల్ని తెస్తే వాళ్ళకి చెవుల్ని పూర్తిగా మూసే కప్పులు తప్పనిసరి.

ఎక్కడ నిలబడితే మంచిది?

వినడానికి ఒక చోటు, చూడ్డానికి ఒక చోటు, ఫోటోకి ఇంకో చోటు. ఈ మూడూ ఒకటి కావు.

వినడానికి మంచి చోటు సౌండ్ ఇంజినీర్ బల్ల దగ్గర. మైదానం మధ్యలో, స్టేజికి ఎదురుగా చిన్న గుడారం ఉంటుంది. అక్కడ నిలబడిన మనిషి తనకి బాగా వినిపించేలాగే శబ్దాన్ని సర్దుతాడు కాబట్టి మీకూ బాగా వినిపిస్తుంది. మరీ ముందు నిలబడితే గొంతు కంటే డ్రమ్స్, ఆంప్లిఫయర్లే ఎక్కువ వినిపిస్తాయి.

ఫోటోకైతే స్టేజి మరీ ఎత్తుగా ఉన్నచోట మొదటి వరస పనికిరాదు, గడ్డాలూ ముక్కుపుటాలే పడతాయి. నాలుగైదు వరసలు వెనక్కి, మధ్య నుంచి కొంచెం పక్కకి జరగండి. ఎటు పక్కకి? కుడిచేతివాటం గిటారిస్టు మన వైపు తిరిగి నిలబడితే గిటారు మెడ మనకి కుడివైపుకి వస్తుంది. మీరు కుడివైపున ఉంటే ఆ మెడ మీ మీదికి దూసుకొస్తున్నట్టు, తీగల మీద వేళ్ళు పెద్దగా కనబడతాయి. ఎడమవైపున ఉంటే మీటే చెయ్యీ, గిటారు ఒళ్ళూ బాగా వస్తాయి. మీరు చూడబోయే బ్యాండ్‌లో ఎవరు ఎటు నిలబడతారో వాళ్ళ పాత కచేరీల వీడియో ఒకటి చూస్తే తెలిసిపోతుంది. చూసి రండి.

జనం తోసుకుంటుంటే ఏం చేయాలి?

ఇది నేను చాలా గట్టిగా చెప్పే విషయం. 2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రాస్కిల్డ పండుగలో పెర్ల్ జామ్ బ్యాండ్ పాడుతుండగా ముందు వరసల దగ్గర జనం ఒకరిమీద ఒకరు పడి 9 మంది చనిపోయారు. 2021 నవంబరులో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ పండుగలో 10 మంది పోయారు. ఇలాంటి చోట్ల మనుషులు ఎక్కువగా పోయేది కాళ్ళకింద పడి నలిగి కాదు, నిలబడే ఊపిరాడక. ఛాతీ చుట్టూ నలువైపులా ఒత్తిడి పడితే ఊపిరితిత్తులు విచ్చుకోలేవు.

చదరపు మీటరులో అయిదారుగురిని మించి ఇరుక్కుంటే గుంపు ఎవరి మాటా వినదు, మొత్తంగా అలలా ఊగుతుంది. మీ చేతులు మీరు పైకెత్తలేకపోతున్నారా, కాళ్ళు మీ ఇష్టం లేకుండానే కదులుతున్నాయా? అయితే అప్పటికే ఆలస్యమైంది, బయటపడాలి. రెండు చేతులూ ఛాతీ ముందు మడిచి ఊపిరికి చోటు ఉంచుకోండి. అలకి ఎదురు తోయకండి. అల వచ్చి ఆగిన క్షణంలో ఏటవాలుగా, పక్కలకి జరుగుతూ రండి. అరిచి ఊపిరి వృథా చేసుకోవద్దు. కింద ఏం పడినా, ఫోనే పడినా వంగవద్దు. ఎవరైనా పడిపోతే ముందు వాళ్ళని లేపండి. ఫోటో కోసం ఎత్తిన చేతిలో కెమెరా ఉండగా ఇదంతా చేయడం కుదరదు. అందుకని ఒత్తిడి మొదలైందనిపించగానే కెమెరా బ్యాగులోకి వెళ్ళిపోవాలి.

ఉరుములూ వానా వస్తే?

వాన వస్తే తడవడమే, కానీ ఉరుము వినిపిస్తే మైదానం ఖాళీ చేయాలి. ఒంటరి చెట్టు కింద, లోహపు గుడారాల కింద, స్టేజి స్తంభాల పక్కన నిలబడకూడదు. తలుపులు మూసుకునే కారు గానీ గట్టి భవనం గానీ చూసుకుని, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. గాలి కూడా తక్కువది కాదు. 2011 ఆగస్టు 13న అమెరికాలోని ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో అసలు బ్యాండ్ స్టేజి ఎక్కేలోపు ఈదురుగాలికి స్టేజి కప్పు కూలి 7 మంది చనిపోయారు. ఆకాశం నల్లబడి, గాలి ఒక్కసారిగా చల్లబడిందంటే ప్రకటన కోసం ఆగకుండా స్టేజికీ, స్పీకర్ల టవర్లకీ దూరంగా వచ్చేయండి.

మిట్ట మధ్యాహ్నం వచ్చే బ్యాండ్ల ఫోటోలు తెల్లగా వెలిసిపోయినట్టు వస్తున్నాయి. ఎందుకు?

స్టేజికి కప్పు ఉంటుంది. మనుషులు నీడలో, వెనక ఆకాశం మండుతూ ఉంటాయి. కెమెరా ఏదో ఒకదాన్నే సరిగా తీయగలదు. ఆకాశాన్ని వదిలేసి ముఖాన్ని కొలవండి. స్పాట్ మీటరింగ్ (ఫ్రేములో ఒక చిన్న చోటు వెలుతురునే కొలిచే పద్ధతి) పెట్టి గాయకుడి ముఖం మీద గురి ఉంచితే చాలు. లేదంటే ఆకాశం ఫ్రేములో లేకుండా, వెనక నల్లటి తెర వచ్చేలా కోణం మార్చండి. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. పొద్దు దిగేటప్పుడు సూర్యుడు స్టేజి ముందు వైపు ఉంటే ఆ అరగంటని వదులుకోవద్దు. కళాకారులు కళ్ళు చిట్లిస్తారు కానీ జుట్టు మీదా, గిటారు వార్నిష్ మీదా పడే ఆ పసుపు ఏ దీపంతోనూ రాదు. సూర్యుడు స్టేజి వెనక దిగుతుంటే మాత్రం ముఖాల కోసం ఆశపడకుండా నల్లటి ఆకారాల్ని తీయండి. ఎగిరిన కాలూ, విరబోసుకున్న జుట్టూ, ఎత్తిన గిటారూ ఆకాశం మీద విడిగా కనిపించే క్షణం కోసం ఆగాలి.

రాత్రికి ఏ సెట్టింగ్స్ పెట్టాలి?

మొదలుపెట్టడానికి: అపెర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, మీ లెన్స్ తెరుచుకోగలిగినంత, ఎఫ్/2.8 ఉంటే అది. షట్టర్ 1/250, అంటే సెకనులో 250వ వంతు. ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి, 1600 నుంచి 6400 మధ్య. గాయకుడు మైకు దగ్గర నిలబడి నెమ్మదిపాట పాడుతుంటే 1/125 సరిపోతుంది, ఎగురుతుంటే 1/500 కావాలి. ఐఎస్ఓ పెరిగి మచ్చలు వస్తాయని షట్టర్ తగ్గించవద్దు. మచ్చల్ని తర్వాత తగ్గించవచ్చు, చెదిరిన ముఖాన్ని ఎవరూ బాగుచేయలేరు.

ఆటోకి వదిలేస్తే కెమెరా చుట్టూ ఉన్న చీకటిని చూసి భయపడి ముఖాన్ని తెల్లగా కాల్చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఒక స్టాప్ (అంటే వెలుతురు సగానికి) తగ్గించండి, లేదా మాన్యువల్‌కి మారండి. రా ఫైల్ (సెన్సర్ పట్టినదంతా ఉన్నదున్నట్టు దాచే ఫైల్) తప్పనిసరి. పొగలో ఫోకస్ తడుముకుంటుంటే ముఖాన్ని వదిలి, అదే దూరంలో ఉన్న గిటారు పట్టీ అంచు మీదో మైకు స్టాండు మీదో పెట్టండి. అలాంటి గట్టి గీత దొరికితే కెమెరా వెంటనే పట్టుకుంటుంది.

నీలం, ఎరుపు దీపాల కింద ముఖాలు ముద్దగా వస్తున్నాయి. ఫోటోలో అడ్డంగా చారలు కూడా ఉన్నాయి.

రెండింటికీ కారణం ఎల్‌ఈడీ దీపాలే. మామూలు సెన్సర్‌లో సగం బిందువులు ఆకుపచ్చకి, పావు వంతు ఎరుపుకి, పావు వంతు నీలానికి పనిచేస్తాయి. అచ్చమైన నీలం దీపం పడితే ఆ పావు వంతే పని చేసి, అది కూడా నిండిపోయి పొంగుతుంది. ముక్కూ బుగ్గా తేడా లేకుండా ముద్ద అవుతాయి. ఎక్స్‌పోజర్ ఇంకా తగ్గించి తీయండి, తర్వాత నలుపు తెలుపుకి మార్చి చూడండి, చాలావరకు బతుకుతుంది. ఇంకా మంచిది ఆగడం. పాటలో ఎక్కడో ఒకచోట, ముఖ్యంగా పల్లవి తిరిగి వచ్చేచోట, తెల్ల దీపం వెలుగుతుంది. రెండు పాటలు గమనిస్తే దీపాల మనిషి పద్ధతి అర్థమవుతుంది.

చారలు రావడానికి కారణం ఆ దీపాలు కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలగడం. శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ ఫోటోని వరస వరసగా చదువుతుంది కాబట్టి కొన్ని వరసలకి వెలుతురు, కొన్నింటికి చీకటి పడుతుంది. తెర నిజంగా కదిలే మెకానికల్ షట్టర్‌కి మారండి, వేగాన్ని 1/125కో 1/100కో దించండి. కెమెరాలో ఫ్లికర్ తగ్గించే ఏర్పాటు ఉంటే ఆన్ చేయండి.

మైకు ప్రతిసారీ గాయకుడి నోటికి అడ్డం వస్తోంది.

ఎదురుగా నిలబడితే వస్తుంది. ఏటవాలుగా, పక్కనుంచి తీయండి. మైకు కుడిచేత్తో పట్టుకుంటే వాళ్ళ ఎడమవైపుకి, అంటే మీకు కుడివైపుకి జరగండి. పదం ముగించి ఊపిరి తీసుకోడానికి మైకు నుంచి తల వెనక్కి తీసేటప్పుడు ముఖం మొత్తం తెరుచుకుంటుంది. పాట నోటికి వచ్చినవాళ్ళకి ఆ క్షణం ముందే తెలుస్తుంది. కచేరీ ఫోటోలు బాగా తీయాలంటే కొత్త లెన్స్ కంటే ముందు ఆ బ్యాండ్ పాటలు కంఠతా రావాలని నేననేది ఇందుకే.

ఫ్లాష్ వాడొచ్చా?

వద్దు. ఫోన్ ఫ్లాష్ రెండు మూడు మీటర్లు దాటి పనిచేయదు. మీ ముందున్నవాళ్ళ తలల వెనకభాగాన్ని తెల్లగా చేస్తుంది, స్టేజిని మాత్రం చేరదు. గాలిలో దుమ్మూ పొగా ఉంటే వాటినే వెలిగిస్తుంది. కళాకారుల కళ్ళలో పడుతుంది కూడా.

ఫోన్‌తో మంచి ఫోటో వస్తుందా?

వస్తుంది, దాని హద్దు తెలుసుకుంటే. లెన్స్ తుడవండి, రోజంతా జేబులో చెమట పట్టి ఉంటుంది. తెర మీద గాయకుడి ముఖాన్ని వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు అక్కడ ఆగిపోతాయి. తర్వాత వేలిని కిందికి జరిపి వెలుతురు తగ్గించండి. నైట్ మోడ్ ఆపేయండి. కదిలే మనిషికి అది పనికిరాదు, చాలాసేపు తెరిచి ఉంచి అనేక ఫ్రేములు కలుపుతుంది. ఫోన్‌లో వేరే టెలిఫోటో లెన్స్ ఉంటే అక్కడిదాకా జూమ్ చేయండి, ఆ తర్వాత చేసేదంతా కత్తిరించి పెద్దది చేయడమే.

దూరంగా ఉన్నప్పుడు ముఖాల కోసం పాకులాడకండి. ఫోన్ వెడల్పు లెన్స్ బలం అంతా మైదానం, ఎత్తిన చేతులు, దీపాల ధారలు, వాటన్నిటి చివర చిన్నగా స్టేజి, ఇలాంటి వాటిలో ఉంది.

ఫోన్ ఎండలో కాగకుండా చూడండి. ఐఫోన్ వాడవలసిన పరిసరాల వేడి 0 నుంచి 35 డిగ్రీల మధ్య అని యాపిల్ చెబుతుంది. వేసవి మైదానం దాన్ని సులువుగా దాటుతుంది. వేడెక్కితే నీడలో ఉంచి ఆపేయండి, ఐస్‌లో పెట్టవద్దు, లోపల తేమ చేరుతుంది. జనం ఎక్కువై సిగ్నల్ కోసం ఫోన్ వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది కాబట్టి ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచడం మేలు. స్నేహితులతో తప్పిపోతే కలుసుకునే చోటు నోటిమాటగా ముందే అనుకోండి.

నేను తీసిన వీడియోలో డ్రమ్ కొట్టడానికీ శబ్దానికీ పొంతన లేదు. ఫోన్ చెడిపోయిందా?

లేదు, మీరు దూరంగా నిలబడ్డారు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. స్టేజికి 100 మీటర్ల దూరంలో కర్ర డ్రమ్ మీద పడ్డాక దాదాపు 0.3 సెకన్లకి మీకు వినిపిస్తుంది. సెకనుకి 30 ఫ్రేముల వీడియోలో అది తొమ్మిది ఫ్రేములు. ఎడిటింగ్‌లో శబ్దం అంత ముందుగా మొదలయ్యేలా జరిపితే కలిసిపోతుంది. శబ్దం పగిలినట్టు వస్తే మాత్రం మైకు భరించలేకపోయింది, దాన్ని తర్వాత బాగుచేయలేం. స్పీకర్లకి ఎదురుగా కాకుండా పక్కకి జరిగి తీయండి. ఒక పాటలో ముప్పై సెకన్లు చాలు.

లేజర్లు కెమెరాకి ప్రమాదమా?

అవును. లేజర్ కిరణం నేరుగా లెన్స్‌లోకి వస్తే సెన్సర్ మీద చుక్కలో గీతలో శాశ్వతంగా కాలిపోవచ్చు. కిరణాలు జనం మీదుగా తిరుగుతుంటే లెన్స్ కిందికి దించండి.

ఎంతసేపు ఫోటోలు తీయాలి?

పత్రికల తరఫున వచ్చినవాళ్ళని సాధారణంగా మొదటి మూడు పాటలకే, ఫ్లాష్ లేకుండా, స్టేజికీ జనానికీ మధ్య ఉండే సందులోకి రానిస్తారు. నాలుగో పాటకి బయటికి పంపేస్తారు. ప్రేక్షకులు కూడా తమకి తాము ఇదే నియమం పెట్టుకుంటే బాగుంటుందని నా గట్టి నమ్మకం. మీకిష్టమైన బ్యాండ్ వచ్చినప్పుడు మూడు పాటలు తీయండి, కెమెరా లోపల పెట్టేయండి, చివరి పాటకి కావాలంటే మళ్ళీ తీయండి. మధ్యలోదంతా మీది. ఎత్తి పట్టిన ఫోన్ వెనకవాళ్ళ కళ్ళలో వెలుగుతూ ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. కెమెరాని మీ కంటి ఎత్తు దాటించకుండా తీస్తే ఎవరికీ అడ్డం రాదు.

తక్కువ తీయడం వల్ల ఫోటోలు పాడవవు. 1967 జూన్‌లో అమెరికాలోని మాంటెరీ పాప్ పండుగలో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ తన గిటారుకి నిప్పు పెట్టినప్పుడు స్టేజి అంచున కుర్చీ ఎక్కి నిలబడిన ఫోటోగ్రాఫర్ ఎడ్ కరాఫ్‌కి పదిహేడేళ్ళు. ఫిలిం రోజులు, ఎన్నంటే అన్ని తీసే వీలు లేదు. ఆ మంటల ఫోటో ఈనాటికీ అచ్చవుతూనే ఉంది.

చివరిదాకా ఉండాలా? తిరుగు ప్రయాణం కష్టం కదా?

అలిసిపోతే వెళ్ళిపోండి, తప్పేం లేదు. కానీ ఆరుబయటి పండుగల్లో వేళలు జారిపోతాయని తెలుసుకుని రండి. 1969 ఆగస్టు వుడ్‌స్టాక్ ఆదివారం రాత్రితో ముగియాలి. హెండ్రిక్స్ స్టేజి ఎక్కేసరికి సోమవారం పొద్దున్న అయింది, నాలుగు లక్షలకి పైగా వచ్చిన జనంలో ఎక్కువమంది అప్పటికే ఇళ్ళదారి పట్టారు.

జనాన్ని ఫోటో తీయొచ్చా?

తీయాలి. రోలింగ్ స్టోన్ పత్రిక మొదటి ముఖ్య ఫోటోగ్రాఫర్ బారన్ వుల్మన్ వుడ్‌స్టాక్‌లో స్టేజి వదిలి ఎక్కువ సమయం జనంలోనే తిరిగాడు. ఇవాళ ఆ మూడు రోజులు ఎలా ఉన్నాయో మనకి తెలిసింది అలాంటి ఫోటోల వల్లే. స్టేజి ఫోటోలు మీ కంటే దగ్గర నుంచి తీసేవాళ్ళు డజన్లమంది ఉంటారు. తండ్రి భుజాలెక్కి పెద్ద కప్పులు చెవులకి పెట్టుకున్న పాప, పాట మొదటి స్వరం వినగానే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్న ఇద్దరు, అవి మీరు మాత్రమే చూస్తారు.

దగ్గరగా ఒక్కరినే తీస్తే కళ్ళతోనైనా అడగండి. వద్దంటే వాళ్ళ ముందే చెరిపేయండి. పిల్లల ఫోటో అయితే పెద్దవాళ్ళని అడక్కుండా తీయవద్దు. సొమ్మసిల్లినవాళ్ళనీ, ఏడుస్తున్నవాళ్ళనీ, మద్యం ఎక్కువై పడిపోయినవాళ్ళనీ అస్సలు తీయవద్దు. వాళ్ళకి కావలసింది సాయం.

నా ఫోటోలన్నీ కొంచెం చెదిరి ఉన్నాయి. చెరిపేయనా?

ఆ రాత్రే చెరపవద్దు. 1979లో న్యూయార్క్‌లో ది క్లాష్ బ్యాండ్ కచేరీలో పాల్ సిమనన్ బేస్ గిటారుని నేలకేసి కొడుతుండగా పెనీ స్మిత్ తీసిన ఫోటో ఫోకస్‌లో లేదు. ఆల్బమ్ కవరుకి వాడతామంటే ఆవిడే వద్దంది. బ్యాండ్ పట్టుబట్టి వాడింది, రాక్ చరిత్రలో అందరికీ గుర్తున్న కవర్లలో అది ఒకటి. వారం ఆగి చూడండి. ముఖం గుర్తుపట్టలేకపోయినా ఒంట్లో ఊపు కనిపిస్తుంటే ఉంచండి. నిలకడగా నిలబడ్డ మనిషి చెదిరితే తీసేయండి.

ఫోటో పాస్ ఎలా దొరుకుతుంది?

ఏదైనా ప్రచురణ తరఫున అడిగితేనే సాధారణంగా ఇస్తారు. పెద్ద పండుగతో మొదలుపెట్టకండి. పేరు రాని చిన్న బ్యాండ్లకి ఫోటోలు చాలా అవసరం, అడిగితే సంతోషంగా రానిస్తారు. అలా కూడిన మంచి ఫోటోల్ని చూపించి చిన్న పత్రికల్ని అడగండి.

పాసుతోపాటు వచ్చే ఒప్పందం చదవకుండా సంతకం పెట్టవద్దు. ఫోటోల మీద హక్కులన్నీ బ్యాండ్‌కే చెందేలా రాసినవి ఉంటాయి. 2015లో ఫూ ఫైటర్స్ బ్యాండ్ ఇలాంటి ఒప్పందం ముందుపెడితే వాషింగ్టన్ సిటీ పేపర్ అనే పత్రిక సంతకానికి ఒప్పుకోక, ప్రేక్షకులు తీసిన ఫోటోల్నే కొంటామని ప్రకటించింది. అలా కాదనడం ఆ పత్రిక హక్కు, మీ హక్కు కూడా.

నేను తీసిన ఫోటోలు అమ్మొచ్చా, పోస్టర్లు వేయొచ్చా?

ఫోటో మీద కాపీరైట్ మామూలుగా తీసినవాళ్ళదే. అయితే టికెట్ కొన్నప్పుడు ఒప్పుకున్న నిబంధనల్లో "సొంత వాడకానికి మాత్రమే" అని ఉంటే దానికి కట్టుబడి ఉండాలి. ఎక్కడైనా పెట్టి చూపించుకోవడానికి సాధారణంగా ఎవరూ అడ్డుచెప్పరు. కళాకారుల బొమ్మతో పోస్టర్లు, టీషర్టులు వేసి అమ్మడం మాత్రం వేరే సంగతి, దానికి వాళ్ళ అనుమతి కావాలి. బ్యాండే మీ ఫోటోని వాడుకుంటానని అడిగితే ఎక్కడ, ఎంతకాలం, మీ పేరు వేస్తారా, డబ్బిస్తారా అన్నవి మెయిల్‌లో రాయించుకున్నాకే పెద్ద సైజు ఫైల్ పంపండి.